వ్యాయామ తీవ్రత, స్థూలకాయం, శోథ: ప్రచారంలో ఉన్న రెండు వాదాల పరిశీలన

స్థూలకాయం తగ్గించుకోదలచిన వారికి ఈనాడు రెండు విధాల సలహాలు వినవస్తున్నవి. మొదటిది నెమ్మది వాదం. మెల్లగా నడిచినప్పుడే శరీరం కొవ్వును ఇంధనంగా వాడుకొంటుందనీ, వేగం హెచ్చితే కొవ్వు కరగడం ఆగిపోతుందనీ దీని సారాంశం. వ్యాయామశాలల్లోని నడక యంత్రాల మీద ‘కొవ్వు కరిగే మండలం’ అని ఒక రంగు పట్టీ గీసి ఉండడం ఈ వాదానికి ఫలితమే. రెండవది తీవ్రతా వాదం. రొప్పు వచ్చి, చెమట కారేదాకా శ్రమిస్తే తప్ప ప్రయోజనం లేదనీ, శ్రమ ఎంత తీవ్రమైతే కొవ్వు అంతగా తగ్గి, దాని వెంట శరీరంలోని శోథ కూడా అంతగా అణగిపోతుందనీ ఈ పక్షం వారు చెబుతారు.

ఈ రెండు వాదాలూ శాస్త్రం పేరుతోనే ప్రచారమవుతున్నవి. రెండింటికీ ఆధారంగా చూపడానికి ప్రయోగాలున్నవి. అయితే ఆ ప్రయోగాలు నిజంగా చెప్పినదేమిటి, వాటి మీద కట్టిన నిర్ణయాలేమిటి అని విడదీసి చూడవలసిన అవసరమున్నది. ఇది కేవలం పండిత చర్చ కాదు. వ్యాయామపు గంటలో లావుపాటి కుర్రవానిని మైదానం చుట్టూ పరుగెత్తించాలా, నడిపించాలా అన్నది ప్రతి ఉన్నత పాఠశాలలోనూ ఎదురయ్యే ప్రశ్న. తప్పుడు జవాబు వల్ల ఆ కుర్రవాడు వ్యాయామమంటేనే జంకి, జీవితాంతం దానికి దూరమయ్యే ప్రమాదమున్నది.

తీవ్రత అంటే ఏమిటి?

నడక, పరుగు, ఈత, సైకిలు తొక్కడం వంటివి వాయుసహిత వ్యాయామాలు. కండరాలు ప్రాణవాయువును వినియోగించుకొని, పిండిపదార్థాన్నీ కొవ్వునూ దహించి శక్తిని పొందే శ్రమలివి. ఒక మనిషి శరీరం నిమిషానికి అత్యధికంగా ఎంత ప్రాణవాయువును వినియోగించుకోగలదో అది అతని గరిష్ఠ సామర్థ్యం. చేస్తున్న శ్రమకు ఆ గరిష్ఠంలో ఎన్నవ వంతు ఖర్చవుతున్నదన్నదే శ్రమ తీవ్రతకు కొలత.

ఈ నిర్వచనంలో ఒక కీలకమున్నది. తీవ్రత వేగాన్ని బట్టి కాక, వేగానికీ మనిషి సామర్థ్యానికీ ఉన్న నిష్పత్తిని బట్టి ఏర్పడుతుంది. గంటకు ఆరు కిలోమీటర్ల నడక ఆటగానికి విశ్రాంతితో సమానం. అదే నడక బరువైన దేహంతో, అలవాటు లేక నడిచేవానికి కఠిన శ్రమ. పరికరాలు లేనిచోట మాటను బట్టి తీవ్రతను గుర్తించవచ్చు. మాట్లాడగలిగి, పాట పాడలేకపోతే అది మధ్యమ తీవ్రత. నాలుగు మాటలాడేసరికి ఊపిరి కోసం ఆగవలసి వస్తే అది అధిక తీవ్రత. ప్రచారంలో ఉన్న వాదాలు రెండూ ఈ నిష్పత్తిని మరచి, తీవ్రతను కేవలం వేగంగా భావించడం వాటి మొదటి లోపం.

కొవ్వులో నిప్పు

దెబ్బ తగిలినచోట ఎరుపు, వేడి, వాపు, నొప్పి కలుగుతవి. దీనినే శోథ అంటారు. ఇది శరీరం తన్ను తాను కాపాడుకొనే చర్య. గాయం మానగానే చల్లారిపోతుంది. స్థూలకాయంలో ఉండే శోథ ఇట్టిది కాదు. అది పైకి కనబడదు, నొప్పి పెట్టదు, చల్లారదు. బూడిద కప్పిన నిప్పువలె ఏళ్ల తరబడి రగులుతూనే ఉంటుంది.

ఈ సంగతి తెలియడం ఇటీవలి మాటే. పూర్వం కొవ్వును కేవలం నిల్వసరుకుగా, గాదెలో ధాన్యం వలె భావించేవారు. స్థూలకాయం గల ఎలుకల కొవ్వులో ట్యూమర్ నెక్రోసిస్ ఫ్యాక్టర్ అనే శోథకారక ప్రోటీను తయారవుతున్నదనీ, దానిని అడ్డగిస్తే ఇన్సులిన్ తిరిగి చక్కగా పనిచేస్తున్నదనీ 1993లో అమెరికా శాస్త్రజ్ఞులు ప్రకటించారు. స్థూలకాయుల కొవ్వులో భక్షక కణాలు పెద్ద సంఖ్యలో గుమిగూడి ఉంటవని 2003లో రెండు పరిశోధక బృందాలు వెల్లడించినవి. కొవ్వు కణాలు మితిమీరి ఉబ్బినప్పుడు వాటిలో కొన్ని నశిస్తవి. వాటిని తొలగించ వచ్చిన భక్షక కణాలు అక్కడే తిష్ఠవేసి శోథకారక పదార్థాలను విడుదల చేస్తవి. అవి రక్తంలో కలిసి కాలేయాన్నీ కండరాలనూ చేరి ఇన్సులిన్ ఆజ్ఞను మందగింపజేస్తవి. మధుమేహానికీ గుండె జబ్బులకూ ఇది ఒక దారి. పొట్టలో ప్రేగుల చుట్టూ పేరుకొనే కొవ్వు ఈ విషయంలో చర్మం కింది కొవ్వు కంటె ఎక్కువ హానికరం.

ఈ శోథను కొలవడానికి సాధారణంగా వాడేది సి-రియాక్టివ్ ప్రోటీను. దీనిని 1930లో న్యూమోనియా రోగుల రక్తంలో మొదట గుర్తించారు. ఇంటర్‌ల్యూకిన్-6 అనే సంకేత పదార్థం ప్రేరేపించగా కాలేయం దీనిని తయారుచేస్తుంది. అయితే చిన్న జలుబు చేసినా, పంటి చిగురు వాచినా ఇది పెరుగుతుంది. కావున ఒక్కసారి తీసిన ఒక్క కొలతను బట్టి తీర్పు చెప్పరాదు.

నెమ్మది వాదంలోని లెక్క తప్పు

నెమ్మది వాదానికి మూలమైన ప్రయోగఫలితం నిజమైనదే. 1993లో ప్రకటించిన ఒక ప్రసిద్ధ పరిశోధనలో శిక్షణ పొందిన ఐదుగురు సైకిలు పందెగాళ్లను గరిష్ఠ సామర్థ్యంలో 25, 65, 85 శాతం తీవ్రతలతో పరీక్షించారు. 25 శాతం తీవ్రతలో ఖర్చయిన శక్తిలో అత్యధిక భాగం కొవ్వు నుండే వచ్చింది. తీవ్రత పెరిగిన కొలదీ కొవ్వు పాలు తగ్గి, పిండిపదార్థపు పాలు పెరిగింది. నెమ్మది వాదులు ఇంతవరకే చదివి ఆగిపోయారు. ఆ పరిశోధనలోనే మరొక ఫలితమున్నది. నిమిషానికి దహించిన మొత్తం కొవ్వు అత్యధికంగా ఉన్నది 25 శాతం వద్ద కాదు, 65 శాతం వద్ద.

పాలు వేరు, మొత్తం వేరు. ఒక కల్పిత ఉదాహరణ తీసుకొందాం. ఒకడు అరగంట మెల్లగా నడిచి 120 కిలో కేలరీలు ఖర్చు చేశాడు. అందులో కొవ్వు పాలు 60 శాతం, అనగా 72 కిలో కేలరీలు. వేరొక రోజున అదే అరగంట చురుకుగా నడిచి 210 కిలో కేలరీలు ఖర్చు చేశాడు. కొవ్వు పాలు 40 శాతానికి తగ్గింది. అయినా అది 84 కిలో కేలరీలు. పాలు తగ్గినా మొత్తం పెరిగింది. చిన్న చెరువులో సగం నీరు కంటె పెద్ద చెరువులో మూడవ వంతు నీరే ఎక్కువ కావచ్చు గదా.

పైగా ఈ తేడా ఎంత? 12 కిలో కేలరీలు. గ్రాము కొవ్వు దహిస్తే 9 కిలో కేలరీలు వస్తవి గనుక, తేడా గ్రామున్నర కూడా లేదు. చిన్న చెంచాడు నూనెలో ఇది మూడవ వంతు మాత్రమే. అంతేకాక, వ్యాయామ సమయంలో పిండిపదార్థాన్ని ఎక్కువగా వాడిన శరీరం తరువాతి గంటల్లో కొవ్వు వైపు మొగ్గుతుంది. రోజు మొత్తం మీద తిన్న దానికీ ఖర్చు చేసిన దానికీ మధ్య ఉన్న వ్యత్యాసమే కొవ్వు తగ్గుదలను నిర్ణయిస్తుంది. నడక యంత్రం మీది రంగు పట్టీ అరగంట లెక్కను చూపి రోజు లెక్కను దాచిపెడుతున్నది.

తీవ్రతా వాదానికి బలం

తీవ్రతా వాదాన్ని తేలికగా తోసివేయడానికి వీలులేదు. 2000లో కోపెన్‌హేగన్ పరిశోధకులు ఒక వింతను స్థిరపరచారు. శ్రమించే కండరాలే ఇంటర్‌ల్యూకిన్-6ను రక్తంలోకి విడుదల చేస్తవి. శ్రమ తీవ్రమై, దీర్ఘమైన కొలదీ విడుదల పెరుగుతుంది. స్థూలకాయుల రక్తంలో ఎక్కువగా ఉండి, కాలేయంలో శోథ ప్రోటీనును తయారుచేయించే పదార్థం కూడా ఇదే. మరి వ్యాయామం శోథను పెంచుతున్నదా, తగ్గిస్తున్నదా?

జవాబు కాలవ్యవధిలో ఉన్నది. స్థూలకాయంలో ఈ పదార్థం కొద్దికొద్దిగా ఎడతెగక స్రవిస్తూ ఉంటుంది. వ్యాయామంలో ఒక్కసారిగా పెరిగి, కొన్ని గంటల్లో తగ్గిపోతుంది. చూరు నుండి రాత్రింబవళ్లు కారే నీరు గోడను నానబెట్టి పాడుచేస్తుంది. ఒక్క పెట్టున కురిసి వెలిసిన వాన నేలకు మేలు చేస్తుంది. నీరు ఒకటే, ఫలితం వేరు. 2003లో వెలువడిన మరొక కోపెన్‌హేగన్ ప్రయోగంలో ఆరోగ్యవంతులైన పురుషులకు బాక్టీరియా విషాన్ని అతి స్వల్ప మోతాదులో ఎక్కించారు. ఊరక కూర్చున్నప్పుడు వారి రక్తంలో ట్యూమర్ నెక్రోసిస్ ఫ్యాక్టర్ పెరిగింది. మూడు గంటలు సైకిలు తొక్కిన సందర్భంలో ఆ పెరుగుదల అణగిపోయింది. వ్యాయామానికి బదులు ఇంటర్‌ల్యూకిన్-6ను ఎక్కించినా అదే ఫలితం కనబడింది. కండరం విడుదల చేసే ఇంటర్‌ల్యూకిన్-6 శోథను అదుపులో పెట్టగలదని దీనివల్ల తేలింది.

2008లో నార్వేలోని ట్రోన్‌హైమ్ పరిశోధకులు జీవక్రియా దోషాలు గల 32 మందిని తీసుకొని, కొందరిచేత మధ్యమ తీవ్రతతో ఏకధాటిగా, మరికొందరిచేత నాలుగేసి నిమిషాల తీవ్ర శ్రమను మధ్య మధ్య విరామంతో చేయించారు. 16 వారాల తరువాత గరిష్ఠ సామర్థ్యం మొదటి వర్గంలో 16 శాతం, రెండవ వర్గంలో 35 శాతం పెరిగింది. తీవ్రతా వాదులు తరచుగా ఉదహరించే ఫలితమిది.

అయినా ఆ కట్టడం ఎక్కడ బీటలు వారింది?

పై ఆధారాలను ఒక్కొక్కటిగా తరచి చూడాలి. విష ప్రయోగంలో పాల్గొన్నవారు స్థూలకాయులు కారు, ఆరోగ్యవంతులు. వారు చేసినది మూడు గంటల శ్రమ. స్థూలకాయుని అరగంట పరుగుకు ఆ ఫలితాన్ని అంటగట్టడం తర్కసమ్మతం కాదు. నార్వే ప్రయోగంలో పాల్గొన్న 32 మందిని మూడు వర్గాలుగా విభజించారు. వర్గానికి సుమారు పదిమంది చొప్పున మాత్రమే ఉన్నారు. పైగా ఆ ప్రయోగంలో శరీరపు బరువు రెండు వ్యాయామ వర్గాల్లోనూ దాదాపు ఒకే విధంగా తగ్గింది. సామర్థ్యం పెరగడం, కొవ్వు తగ్గడం రెండు వేర్వేరు విషయాలు. ఒకదానిని చూపి రెండవదానిని నిరూపించినట్లు చెప్పడం ఈ వాదంలోని పెద్ద లోపం.

ఈ చిక్కును విడదీయడానికి కెనడాలోని కింగ్‌స్టన్‌లో జరిపి 2015లో ప్రకటించిన పరిశోధన చాలా తోడ్పడుతుంది. పొట్ట పెరిగిన 300 మంది స్థూలకాయులను నాలుగు వర్గాలు చేశారు. ఒక వర్గానికి వ్యాయామం లేదు. రెండవ వర్గానికి తక్కువ మొత్తం, తక్కువ తీవ్రత. మూడవ వర్గానికి ఎక్కువ మొత్తం, తక్కువ తీవ్రత. నాలుగవ వర్గానికి ఎక్కువ మొత్తం, ఎక్కువ తీవ్రత. మూడవ, నాలుగవ వర్గాలు ఖర్చు చేయవలసిన శక్తి సమానం: దినానికి పురుషులు 600, స్త్రీలు 360 కిలో కేలరీలు. తీవ్రత మాత్రమే వేరు. ఒకరిది గరిష్ఠంలో 50 శాతం, మరొకరిది 75 శాతం. వారానికి ఐదు రోజుల చొప్పున 24 వారాలు సాగిన ఈ ప్రయోగానికి గల గొప్పతనం ఈ సమానతే. మొత్తాన్ని స్థిరంగా ఉంచి తీవ్రతను మార్చినప్పుడే తీవ్రత ప్రభావం తెలుస్తుంది. ఒకేసారి రెండింటినీ మార్చితే ఫలితం దేనిదో చెప్పలేము. భౌతికశాస్త్ర ప్రయోగశాలలో విద్యార్థి నేర్చుకొనే మొదటి పాఠమిదే.

ఫలితాలివి. వ్యాయామం లేని వర్గంతో పోల్చితే నడుము చుట్టుకొలత రెండవ వర్గంలో సుమారు 3.9, మూడవ, నాలుగవ వర్గాల్లో సుమారు 4.6 సెంటీమీటర్లు తగ్గింది. అనగా పొట్ట తగ్గుదల విషయంలో తీవ్రత వల్ల అదనపు లాభం కనబడలేదు. కాని గ్లూకోజు తాగిన రెండు గంటల తరువాత రక్తంలో ఉండే చక్కెర నాలుగవ వర్గంలో మాత్రమే గమనింపదగినంతగా తగ్గింది. ఆ తగ్గుదల లీటరుకు 0.7 మిల్లీమోలు, అనగా డెసిలీటరుకు సుమారు 13 మిల్లీగ్రాములు.

ఈ ఒక్క ప్రయోగం రెండు వాదాలకూ సగం సగం చొప్పున సమాధానం చెబుతున్నది. కొవ్వు తగ్గడానికి తీవ్రత తప్పనిసరి కాదు. కండరం చక్కెరను స్వీకరించే శక్తిని పెంచడానికి తీవ్రత కొంత తోడ్పడుతుంది. అయితే ఈ పరిశోధన కూడా విమర్శకు అతీతం కాదు. చివరి వరకు నిలిచినవారు 217 మంది; నాలుగింట ఒక వంతుకు పైగా మధ్యలోనే మానివేశారు. దగ్గర ఉండి నడిపించేవారున్నప్పుడే ఇట్లా ఉంటే, తమంత తాము చేసేవారి సంగతి ఊహించవచ్చు. ఇక 75 శాతం తీవ్రత అనగానే పందెపు పరుగు అనుకోరాదు. అలవాటు లేని స్థూలకాయుడు ఎత్తు మీదికి చురుకుగా నడిచినా ఆ తీవ్రతను అందుకొంటాడు.

మరి శోథ సంగతి?

తీవ్రతా వాదం బలహీనపడేది ఇక్కడనే. అమెరికాలోని లూసియానాలో జరిపి 2010లో ప్రకటించిన పరిశోధనలో, సి-రియాక్టివ్ ప్రోటీను హెచ్చుగా ఉండి, వ్యాయామం అలవాటు లేని 162 మందిని తీసుకొని కొందరిచేత నాలుగు నెలలు వాయుసహిత వ్యాయామం చేయించారు. వారి సామర్థ్యం పెరిగింది. కాని సగటున ఆ ప్రోటీను, వ్యాయామం చేయని వర్గంతో పోల్చితే తగ్గలేదు. బరువు తగ్గినవారిలోనే అది తగ్గింది. అనగా నిప్పు ఆరాలంటే కట్టెలు తగ్గాలి. కట్టెలు అట్లాగే ఉంచి గాలి ఎటు విసిరినా ప్రయోజనం స్వల్పం.

అలాగని వ్యాయామపు పాత్ర కేలరీలు ఖర్చు చేయడంతో ముగిసిపోదు. 2019లో కోపెన్‌హేగన్ నుండి వెలువడిన ప్రయోగం ఈ విషయాన్ని తెలుపుతుంది. పొట్ట కొవ్వు పెరిగినవారిచేత 12 వారాలు సైకిలు తొక్కించారు. కొందరికి ఇంటర్‌ల్యూకిన్-6 పనిని అడ్డగించే ఔషధమిచ్చారు. మిగిలినవారికి ఉత్తుత్తి మందు. ఉత్తుత్తి మందు పుచ్చుకొని సైకిలు తొక్కినవారిలో ప్రేగుల చుట్టూ ఉన్న కొవ్వు తగ్గింది. ఔషధం పుచ్చుకొన్నవారిలో, శ్రమ చేసినప్పటికీ, తగ్గలేదు. కండరం పంపే సంకేతం అందితేనే ఆ కొవ్వు కదులుతున్నదన్నమాట. కొవ్వు తగ్గుదల, శోథ తగ్గుదల రెండూ ఒకే గొలుసులోని కడియాలు. ‘తీవ్రంగా శ్రమిస్తే శోథ నేరుగా పోతుంది’ అన్న మాట ఆ గొలుసులో నడిమి కడియాన్ని వదిలివేస్తున్నది.

ఇంకొక సంగతి కూడా గమనించాలి. అలవాటులేని విపరీత శ్రమ శోథను తాత్కాలికంగా పెంచుతుంది. దీర్ఘమైన పరుగుపందెం ముగిసిన మరునాడు పరుగుగాళ్ల రక్తంలో సి-రియాక్టివ్ ప్రోటీను పెరిగి ఉంటుంది. కండరపు పోగులు చిట్లి, వాటిని మరమ్మతు చేసే పని సాగడమే దానికి కారణం. శిక్షణ గలవారు దీని నుండి త్వరగా కోలుకొంటారు. ఒక్కసారిగా మైదానం చుట్టూ పది చుట్లు తిరిగిన కుర్రవానికి మిగిలేది ఒళ్లు నొప్పులూ, మరునాటి గైర్హాజరీను.

మన దేశపు ప్రత్యేకత

పై ప్రయోగాలన్నీ పాశ్చాత్య దేశాల్లో, వయోజనుల మీద జరిగినవి. వాటిని ఇక్కడికి తెచ్చుకొనేటప్పుడు ఒక భేదాన్ని గుర్తుంచుకోవాలి. 2004లో పూనాకు చెందిన యాజ్ఞిక్, లండన్‌కు చెందిన యుడ్కిన్ అనే ఇద్దరు వైద్యశాస్త్రజ్ఞులు తమ కొలతలను తామే ఒక వైద్య పత్రికలో ప్రకటించారు. ఎత్తుకు తగిన బరువును సూచించే సూచిక ఇద్దరికీ ఒకటే, 22.3. కాని శరీరంలోని కొవ్వు ఆంగ్లేయునిలో 9.1 శాతం కాగా, భారతీయునిలో 21.2 శాతం. చూపుకు సన్నగా ఉండి లోపల కొవ్వు నిండి ఉండడం భారతీయ దేహానికి గల లక్షణం. అందువల్లనే మన దేశంలో ఈ సూచిక 23 దాటితే అధిక బరువుగా, 25 దాటితే స్థూలకాయంగా పరిగణిస్తున్నారు. నడుము కొలత పురుషులకు 90, స్త్రీలకు 80 సెంటీమీటర్లు మించరాదు.

2023లో ప్రకటించిన భారత వైద్య పరిశోధనా మండలి సర్వేలో వయోజనులలో నూటికి 28.6 మందికి స్థూలకాయమున్నట్లు తేలింది. పొట్ట కొవ్వు మాత్రం నూటికి 39.5 మందికి ఉన్నది. ఈ రెండు అంకెల మధ్య తేడాలోనే మన సమస్య ఉన్నది. ‘నేను లావుగా లేను, నాకు వ్యాయామమెందుకు’ అనేవాడు కూడా టేపు తీసుకొని నడుము కొలుచుకొనవలసినవాడే.

తేలిన విషయం

రెండు వాదాల్లోనూ కొంత సత్యమున్నది. రెండూ దానిని దాని హద్దు దాటించినవి. మెల్లని నడక నిరుపయోగం కాదు. అయితే అది ‘కొవ్వు కరిగే మండలం’ కావడం వల్ల కాదు, ఎక్కువసేపు, ఎక్కువ రోజులు చేయగలగడం వల్ల. తీవ్ర శ్రమకు ప్రత్యేక గుణమున్నది. అయితే అది పొట్టను మాయం చేయడంలో కాదు, గుండె సామర్థ్యాన్నీ చక్కెర వినియోగాన్నీ పెంచడంలో, సమయాన్ని ఆదా చేయడంలో. చెమటకు రెండింటితోనూ సంబంధం లేదు. చెమట నీరు, చెంబెడు నీళ్లు తాగగానే ఆ బరువు తిరిగి వస్తుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సలహా ఈ సమన్వయానికి దగ్గరగా ఉన్నది. వయోజనులకు వారానికి 150 నుండి 300 నిమిషాల మధ్యమ శ్రమ, లేక 75 నుండి 150 నిమిషాల తీవ్ర శ్రమ, లేదా రెండూ కలిపి. పిల్లలకు సగటున దినానికి 60 నిమిషాలు. అందులో వారానికి మూడు రోజులైనా తీవ్రమైన ఆట ఉండాలి.

ఉపాధ్యాయులు గ్రహించవలసినది ఇంతే. లావుపాటి విద్యార్థిని తోటివారి వేగంతో కాక, అతని సామర్థ్యంతోనే కొలవాలి. మాట్లాడుతూ నడవగలిగిన వేగంతో మొదలుపెట్టించి, కొన్ని వారాల తరువాత మధ్య మధ్య ఒకటి రెండు నిమిషాల చురుకు నడకను చేర్చి, క్రమంగా పెంచాలి. వేసవి ఎండలో, జ్వరం వచ్చి తగ్గిన రోజుల్లో తీవ్ర శ్రమ కూడదు. ఆయాసం, గుండెనొప్పి గలవారు ముందుగా వైద్యుని సలహా పొందాలి. పరుగును శిక్షగా విధించే ఆచారాన్ని మానాలి. శిక్షగా నేర్చిన దానిని బడి వదిలిన తరువాత ఎవరూ కొనసాగించరు. శోథ ఏళ్ల తరబడి రగిలే నిప్పు. దానిని ఆర్పే శ్రమ కూడా ఏళ్ల తరబడి సాగగలిగినదై ఉండాలి.